బేబీ వాకర్లు, పసిపిల్లల కదలికలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీలో వాకర్ అంటే ఒకటే వస్తువు: అడుగున చక్రాలు, మధ్యలో గుడ్డ సీటు, చుట్టూ ట్రే ఉండి, బిడ్డను లోపల కూర్చోబెట్టేది. వెనక నిలబడి తోసుకుంటూ వెళ్లే బండి వేరు, దాని సంగతి కింద విడిగా ఉంది. పిల్లల ఫిజియోథెరపీలో తల్లిదండ్రులు మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. మీ బిడ్డను స్వయంగా చూసిన డాక్టరు వేరేగా చెప్పి ఉంటే ఆ మాటే వినండి.

వాకర్‌లో వేస్తే నడక త్వరగా వస్తుందా?

రాదు. కాస్త ఆలస్యమయ్యే అవకాశమే ఎక్కువ. 1999లో అమెరికాలో 109 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం ఒకటి వచ్చింది. వాకర్ వాడిన పిల్లలు కూర్చోవడం, పాకడం, నడవడం మూడూ వాడనివాళ్ల కంటే ఆలస్యంగా మొదలుపెట్టారని అందులో తేలింది. 2002లో ఐర్లండ్‌లో 190 మంది పిల్లల వివరాలు చూశారు. వాకర్‌లో గడిపిన సమయం మొత్తం మీద 24 గంటలు పెరిగిన ప్రతిసారీ పిల్లలు సొంతంగా నిలబడటం 3.7 రోజులు, సొంతంగా నడవడం 3.3 రోజులు వెనకబడ్డాయి. రోజుకు గంట చొప్పున నాలుగు నెలలు వాడితే ఎంతవుతుందో మీరే లెక్కేసుకోవచ్చు.

నిజం చెప్పాలంటే, ఆ రెండు మూడు వారాల ఆలస్యం గురించి నాకు పెద్ద దిగులు లేదు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఎలాగూ నడుస్తుంది. వాకర్ వద్దనడానికి నాకున్న కారణాలు రెండు. ఒకటి, నేల మీద గడపాల్సిన సమయాన్ని అది తినేస్తుంది. రెండోది, దెబ్బలు. ఆ దెబ్బలు చిన్నవి కావు.

అందులో అంత హుషారుగా తిరుగుతోంది కదా, కాళ్లకు బలం రావడం లేదా?

ఒక్కసారి వంగి, వాకర్‌లో తిరుగుతున్న పాప పాదాల వైపు చూడండి. మడమలు గాల్లో ఉంటాయి. మునివేళ్లతో నేలను వెనక్కి తన్నుతూ ఉంటుంది. ఛాతీ ట్రేకి ఆనించి ముందుకు వాలి ఉంటుంది. బరువంతా తొడల మధ్య ఉన్న గుడ్డ సీటు మోస్తోంది. ఆ భంగిమలో పిక్కలు పనిచేస్తాయి. కానీ ఒంటరిగా నిలబడటానికి కావలసిన పిరుదుల కండరాలు, పొట్ట, వెన్ను పెద్దగా పనిచేయవు. పక్కకు ఒరిగితే వాకరే ఆపుతుంది కాబట్టి ఒరిగానన్న సంగతే శరీరానికి తెలియదు. ట్యూబులో తేలుతున్నవాడికి ఈత వచ్చేసిందనుకోవడం లాంటిదే ఇది.

ఇంకో సంగతి ఉంది, చాలామంది గమనించరు. ట్రే అడ్డం ఉండటంతో పాపకు తన పాదాలే కనిపించవు. కాలు ఎక్కడ పెట్టాను, పెడితే ఏమైంది అని కళ్లతో చూసుకుంటూ నేర్చుకోవలసిన వయసది.

పక్కనే కూర్చుని చూసుకుంటే ప్రమాదం ఎందుకు జరుగుతుంది?

వేగం వల్ల. వాకర్‌లో ఉన్న బిడ్డ ఒక్క సెకనులో దాదాపు మీటరు దూరం వెళ్లగలదు. మీరు గదికి ఇటువైపు కుర్చీలో ఉండి, పాప మెట్ల వైపు తిరగడం చూసి, లేచి, రెండడుగులు వేసేలోపు అంతా అయిపోతుంది. 1997లో అమెరికాలో ప్రచురించిన ఒక అధ్యయనంలో వాకర్ వల్ల దెబ్బ తగిలి ఆసుపత్రికి వచ్చిన 271 మంది పిల్లల్ని పరిశీలించారు. అందులో 96 శాతం మెట్ల మీద నుంచి పడ్డవాళ్లే. ప్రమాదం జరిగినప్పుడు 69 శాతం మంది దగ్గర పెద్దవాళ్లు ఎవరో ఒకరు ఉన్నారు. అంటే వాళ్లలో చాలామంది అశ్రద్ధ చేసిన తల్లిదండ్రులు కారు, మనలాంటివాళ్లే.

అదే దేశంలో 1990 నుంచి 2014 వరకు లెక్కలు తీసి 2018లో ప్రచురించారు. ఆ కాలంలో 15 నెలల లోపు పిల్లలు సుమారు 2,30,676 మంది వాకర్ దెబ్బలతో ఎమర్జెన్సీకి వెళ్లారని అంచనా. వాటిలో 90 శాతానికి పైగా తలకు, మెడకు తగిలినవి. దాదాపు నాలుగింట మూడొంతుల మంది మెట్ల మీద నుంచి పడ్డారు. పసిబిడ్డకు మిగతా ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ. వాకర్ తిరగబడితే ముందు తగిలేది అదే.

మా ఇంట్లో మెట్లే లేవు. అప్పుడు?

మెట్ల ప్రమాదం లేదు, నిజమే. కానీ వాకర్‌లో కూర్చున్న బిడ్డ నేల మీద ఉన్నప్పటికంటే ఎత్తుగా ఉంటుంది, వేగంగా కదులుతుంది. నిన్నటిదాకా అందని బల్ల అంచు ఇవాళ అందుతుంది. బల్ల మీద వేడి టీ కప్పు, ఇస్త్రీ పెట్టె వైరు, స్టవ్ పక్కన గిన్నె పిడి, మూత సరిగా పెట్టని ఫినాయిల్ సీసా, బాత్‌రూమ్‌లో నిండా నీళ్లున్న బకెట్, అన్నీ ఒకేసారి అందుబాటులోకి వస్తాయి. పాకే బిడ్డ వీటి దగ్గరికి వెళ్లడానికి టైమ్ పడుతుంది, ఆలోపు మీరు చేరుకోగలరు. గడప దగ్గరో తివాచీ అంచు దగ్గరో చక్రం ఇరుక్కుని వాకర్ మొత్తం ముందుకు బోల్తా పడటం కూడా మామూలే.

కొత్త మోడళ్లకు బ్రేకులు, రబ్బరు పట్టీలు ఉంటున్నాయి. అవి సురక్షితం కాదా?

పాతవాటి కంటే నయం. మెట్టు అంచుకు వచ్చేసరికి అడుగున ఉన్న రబ్బరు నేలను పట్టేసి ఆపేలా చేస్తారు. అమెరికాలో 2010లో తప్పనిసరి భద్రతా ప్రమాణం తెచ్చాక, అంతకు ముందు నాలుగేళ్లతో పోలిస్తే తర్వాతి నాలుగేళ్లలో దెబ్బలు 22.7 శాతం తగ్గాయి. తగ్గాయి కానీ పోలేదు. వేడి వస్తువులు అందడం, తిరగబడటం లాంటివాటిని ఏ బ్రేకూ ఆపదు. రబ్బరు అరిగిపోయిన పాత వాకరైతే మెట్ల దగ్గర కూడా ఆగదు.

ఎక్కడైనా వీటిని నిషేధించారా?

కెనడాలో నిషేధం ఉంది. 2004 ఏప్రిల్ 7 నుంచి అక్కడ అమ్మకం, దిగుమతి, ప్రకటనలు అన్నీ నిషేధం. ఇంటి ముందు పెట్టి పాతది అమ్మినా నేరమే. ప్రపంచంలో ఈ పని చేసిన మొదటి దేశం అదే. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం, అంటే అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, చక్రాల వాకర్ల తయారీని, అమ్మకాన్ని నిషేధించాలని ఏళ్ల తరబడి అడుగుతూనే ఉంది. అక్కడ ఇంకా అమ్ముతున్నారు. దుకాణంలో ఉన్నంత మాత్రాన మంచిదని అర్థం కాదు.

మేమంతా వాకర్‌లోనే పెరిగాం, మాకేం కాలేదే?

ఏం కానివాళ్లే ఈ మాట చెప్పగలరు. ఇంట్లో పెద్దవాళ్లతో దీని మీద వాదనకు దిగకండి. "డాక్టరు వద్దన్నారు" అంటే సరిపోతుంది. ఆ నెపం మా మీద వేసినా మాకేం బాధ లేదు.

ఇప్పటికే కొనేశాం. ఏం చేయమంటారు?

చక్రాలు ఊడదీసి, మళ్లీ ఎవరూ వాడకుండా పారేయండి. ఇంకొకరికి ఇవ్వకండి. అలా పారేయడానికి మనసొప్పక వాడేవాళ్లూ ఉంటారని తెలుసు. వాడితే కనీసం మెట్లున్న చోట, వంటగదిలో, వాకిట్లో వాడకండి. సొంతంగా కూర్చోవడం రాని బిడ్డను అందులో వేయకండి. పది నిమిషాలు దాటనివ్వకండి, ఆ పది నిమిషాలూ చేతికందే దూరంలో ఉండండి. ఇన్ని షరతులతో వాడాల్సిన వస్తువు ఎందుకన్నది మీకే వదిలేస్తున్నాను.

మరి వంట చేసుకోవాలన్నా, స్నానం చేయాలన్నా బిడ్డను ఎక్కడ ఉంచాలి?

వాకర్ కొనడానికి అసలు కారణం చాలా ఇళ్లల్లో ఇదే. నడక గురించి కాదు, పెద్దవాళ్లకు ఓ పావుగంట చేతులు ఖాళీ కావాలి. అందులో తప్పేం లేదు, ఒంటరిగా బిడ్డను చూసుకునేవాళ్లకు అది అవసరం కూడా.

నాకు తెలిసినంతలో అన్నిటికంటే మంచిది, చుట్టూ కటకటాలో వలో ఉన్న ఆట ఆవరణ. ప్లేపెన్ అంటారు. లోపల పలచటి గట్టి చాప, రెండు మూడు బొమ్మలు వేస్తే బిడ్డ సురక్షితంగా ఉంటుంది, పైగా నేల మీదే ఉంటుంది. దొర్లుతుంది, పాకుతుంది, కటకటాలు పట్టుకుని లేచి నిలబడుతుంది. వాకర్ నేర్పుతుందని అనుకున్నవన్నీ ఇక్కడ నిజంగా నేర్చుకుంటుంది. ప్లేపెన్ లేకపోతే ఒక గదిని ఖాళీ చేసి, గుమ్మానికి పిల్లల గేటు పెట్టినా అంతే.

చక్రాల్లేకుండా ఒకేచోట ఉండి, మధ్యలో బిడ్డ నిలబడి చుట్టూ ఉన్న బొమ్మలతో ఆడుకునే స్టాండ్లు వస్తున్నాయి. ఎక్కడికీ పరుగెత్తవు కాబట్టి వాకర్ కంటే చాలా నయం. పాదాలు పూర్తిగా నేలకు ఆనేలా ఎత్తు సరిచేసి, పదిహేను ఇరవై నిమిషాల్లో తీసేయండి. హై చైర్, బౌన్సర్, కారు సీటు వీటన్నిటికీ కలిపి ఒక హద్దు ఉంది: మెలకువగా ఉన్న బిడ్డను ఒకేసారి గంటకు మించి కట్టేసినట్టు ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాలు చెబుతున్నాయి. గుమ్మానికి వేలాడదీసి గెంతించే జంపర్లు మాత్రం నేను ఎవరికీ చెప్పను. వాటిలోనూ బిడ్డ మునివేళ్ల మీదే గెంతుతుంది.

తోసుకుంటూ నడిచే బండి కూడా వాకరే కదా?

పేరు ఒకటే కావచ్చు, పని వేరు. ఇక్కడ బరువు మోసేది బిడ్డ కాళ్లే. వదిలేస్తే పడుతుంది కాబట్టి నిలదొక్కుకోవడం నేర్చుకోక తప్పదు. సొంతంగా పట్టుకుని లేచి, సోఫా అంచు వెంట పక్కకు అడుగులేయడం వచ్చాక ఇవ్వండి, అంతకు ముందు వద్దు. తేలికగా ఉన్న బండి బిడ్డ ఆనగానే ముందుకు జారిపోతుంది. అలాంటప్పుడు దాని అడుగున నాలుగు పుస్తకాలో బియ్యం సంచో పెట్టి బరువెక్కించండి. నున్నటి గచ్చు మీద కంటే తివాచీ మీద మొదలుపెట్టడం మంచిది. మెట్ల దగ్గర దీన్ని కూడా నమ్మకూడదు.

బోర్లా పడుకోబెట్టడం ఎప్పటి నుంచి మొదలుపెట్టాలి?

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజు నుంచే. నిద్ర ఎప్పుడూ వెల్లకిలానే. మెలకువగా ఉండి, మీరు చూస్తూ ఉన్నప్పుడు బోర్లా. ఈ రెండూ కలగలపకండి. బోర్లా వేసినప్పుడు నిద్రపోతే వెంటనే తిప్పి పడుకోబెట్టండి.

మొదట్లో రోజుకు రెండు మూడు సార్లు, సారికి మూడు నాలుగు నిమిషాలు చాలు. ఇంకా సొంతంగా కదలలేని పిల్లలకు రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు అయ్యేలా ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒకేసారి అరగంట వేయమని కాదు, విడతలు విడతలుగా. తల ఎత్తడంతో మెడ, ముంజేతుల మీద లేవడంతో భుజాలు, ఛాతీ ఎత్తడంతో వెన్ను బలపడతాయి. తర్వాత కూర్చోవడానికి, పాకడానికి కావలసిన పెట్టుబడి అంతా అక్కడే మొదలవుతుంది. ఎప్పుడూ వెల్లకిలా ఉండే పిల్లలకు తల వెనక భాగం చదునుగా అవడం కూడా దీనివల్ల తగ్గుతుంది.

బోర్లా వేయగానే గుక్కపట్టి ఏడుస్తోంది. బలవంతంగా ఉంచాలా?

వద్దు. చాలామంది పిల్లలు మొదట ఏడుస్తారు, అది బరువైన పని మరి. పాలు తాగిన వెంటనే వేయకండి, కక్కేస్తారు. మీరు వెనక్కి జారగిలబడి కూర్చుని బిడ్డను మీ ఛాతీ మీద బోర్లా వేసుకుంటే అదీ లెక్కలోకే వస్తుంది. మీ మొహం చూడటానికే తల ఎత్తుతుంది. ఒళ్లో అడ్డంగా బోర్లా వేసుకోవచ్చు. చిన్న తువ్వాలు చుట్టచుట్టి చంకల కింద ఛాతీ దగ్గర పెడితే కొందరికి సులువవుతుంది. నేల మీద వేసినప్పుడు మీరూ ఎదురుగా బోర్లా పడుకుని కబుర్లు చెప్పండి. ఒక్క నిమిషానికే ఏడ్చిందా, ఎత్తుకోండి. గంట తర్వాత ఇంకో నిమిషం. ప్రతి డైపరు మార్చాక ఒకసారి అని పెట్టుకుంటే మర్చిపోరు.

ఏ నెలకు ఏం రావాలి?

అందరూ ఒక్క అంకె అడుగుతారు. ఒక్క అంకె లేదు. ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా పిల్లల్ని గమనించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన హద్దులు చూడండి. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. చేతులూ మోకాళ్ల మీద దోగాడటం 5.2 నుంచి 13.5 నెలలు. పట్టుకుని నడవడం 5.9 నుంచి 13.7. ఏమీ పట్టుకోకుండా నిలబడటం 6.9 నుంచి 16.9. సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలలు.

చివరి దాన్ని ఇంకోసారి చదవండి. ఒకరు తొమ్మిదో నెలలో నడవచ్చు, ఇంకొకరు పదిహేడో నెలలో నడవచ్చు, ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్న పిల్లలే. పక్కింటి బాబు పదో నెలలో నడిచేశాడని వాకర్ కొనుక్కొచ్చేవాళ్లకు నేను ముందుగా చూపించేది ఈ అంకెలే.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఈ లెక్క ఎలా?

పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టండి. రెండు నెలలు ముందు పుట్టిన పాపకు ఇప్పుడు పది నెలలైతే, కదలికల విషయంలో ఎనిమిది నెలల పాపగా చూడాలి. రెండేళ్లు వచ్చేవరకు ఇలాగే చూస్తారు.

పాకకుండానే నడిచేస్తే ఏమైనా ఇబ్బందా?

చాలావరకు కాదు. పైన చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనంలోనే 4.3 శాతం పిల్లలు చేతులూ మోకాళ్ల మీద పాకనే లేదు. కొందరు పొట్ట మీద ఈడ్చుకుంటూ వెళ్తారు. కొందరు కూర్చుని పిరుదుల మీదే జరుగుతారు, ఇలాంటివాళ్లు నడక కాస్త ఆలస్యంగా మొదలుపెట్టడం మామూలే. ఎలా వెళ్తోందన్నది పెద్ద విషయం కాదు, అటూ ఇటూ రెండు వైపులా ఒకేలా కదులుతోందా అన్నది చూడండి. ఎప్పుడూ ఒక చేయి, ఒక కాలు మాత్రమే వాడుతూ రెండో వైపును ఈడ్చుకుంటూ వెళ్తుంటే డాక్టరుకు చూపించాలి.

పాకేలా ప్రోత్సహించడం ఎలా?

ముందు నేల మీద వదలండి. ఎప్పుడూ చంకలోనో సీటులోనో ఉండే బిడ్డకు పాకాల్సిన అవసరం ఏముంది? గట్టి చాప చాలు, మెత్తటి పరుపు మీద మోకాళ్లు దిగబడిపోతాయి. జారే నేలైతే మోకాళ్లు నగ్నంగా ఉంచండి, పొడవాటి పైజమా వేస్తే కాళ్లు వెనక్కి జారిపోతూ ఉంటాయి.

తర్వాత బొమ్మ. దాన్ని చేతికివ్వకండి, కానీ మరీ దూరంగానూ పెట్టకండి. చేయి చాపితే వేళ్లు తగిలీ తగలనంత దూరంలో ఉండాలి. కూర్చున్న పాపకైతే ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా, తుంటి పక్కన పెట్టండి. దాన్ని అందుకోవడానికి నడుము తిప్పి, ఒక చేయి నేలకు ఆనించి, మెల్లగా మోకాళ్ల మీదకు వస్తుంది. కూర్చోవడం నుంచి పాకడంలోకి మారే దారి అదే. నేల మీద మీ కాలు అడ్డంగా చాపి, దాని మీదుగా ఎక్కి దిగనిస్తే ఇంకా మంచిది. బొమ్మ చివరికి దక్కాలి సుమా. ఎంత చాపినా వెనక్కి జరుపుతూ పోతే పిల్లలు విసిగిపోయి మానేస్తారు.

పట్టుకుని నిలబడుతుంది కానీ కూర్చోలేక ఏడుస్తోంది. ఏం చేయాలి?

తొమ్మిది, పది నెలల పిల్లల ఇళ్లల్లో రాత్రిపూట కూడా వినిపించే ఏడుపు ఇది. లేవడం ముందొస్తుంది, దిగడం తర్వాతొస్తుంది. పాప తొట్టి కమ్మీ పట్టుకుని లేచి నిలబడుతుంది. మోకాళ్లు బిగుసుకుని ఉంటాయి. రెండు నిమిషాల్లో కాళ్లు వణకడం మొదలవుతుంది. చేతులు వదిలితే ఏమవుతుందో తెలియదు. ఇంకేముంది, ఏడుపు. మీరు వెళ్లి ఎత్తి కూర్చోబెడితే మళ్లీ లేస్తుంది.

ఎత్తి కూర్చోబెట్టకండి, దిగడం నేర్పండి. పగలు సోఫా పట్టుకుని నిలబడ్డప్పుడు వెనక కూర్చుని, తుంటి దగ్గర రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా కిందికి నడిపించండి. లేదా ఇష్టమైన బొమ్మను పాదాల పక్కన నేల మీద పెట్టండి. ఒక చేయి సోఫా మీదే ఉంచి రెండో చేత్తో దాన్ని అందుకోవాలంటే మోకాళ్లు వంచక తప్పదు. పగలు ఇది బాగా అలవాటైతే రాత్రి ఏడుపు దానంతట అదే తగ్గుతుంది.

రెండు చేతులూ పట్టుకుని నడిపించవచ్చా?

సరదాకి అయితే ఇబ్బంది లేదు. నడక నేర్పడానికని రోజూ గంటలు గంటలు చేయనవసరం లేదు, మీ నడుము నొప్పి తప్ప ఒరిగేదేమీ లేదు. చేతులు తల పైకి లాగి పట్టుకుంటే బిడ్డ ముందుకు వేలాడుతూ మునివేళ్ల మీద పరుగెత్తుతుంది. పట్టుకోవాలనుకుంటే మీరు కూర్చుని, చేతులు బిడ్డ ఛాతీ ఎత్తులోనే ఉంచండి, లేదా తుంటి దగ్గర పట్టుకోండి.

దానికంటే సోఫాకు, కుర్చీకి మధ్య ఒక అడుగు ఖాళీ వదలండి. ఇటు పట్టుకున్న చేయి వదలకుండానే అటు అందేంత దూరం. రెండు మూడు వారాలకు ఆ ఖాళీని కొంచెం పెంచండి. ఒకరోజు మధ్యలో రెండు చేతులూ వదిలేస్తుంది.

బూట్లు వేయాలా?

ఇంట్లో వద్దు. వట్టికాళ్లే మంచివి. పాదానికి నేల తెలియాలి, వేళ్లు పట్టు దొరకబుచ్చుకోవాలి. బయట నడిచేటప్పుడు మాత్రం అడుగు మెత్తగా వంగే, తేలికైన బూట్లు వేయండి. చదును పాదాలు కనిపిస్తే కంగారు పడకండి, ఈ వయసులో దాదాపు అందరికీ అలాగే ఉంటాయి.

త్వరగా నిలబెడితే కాళ్లు వంకరపోతాయంటారు, నిజమా?

కాదు. పిల్లలు పుట్టడమే మోకాళ్ల దగ్గర కాస్త విల్లులా వంగిన కాళ్లతో పుడతారు. దాదాపు రెండేళ్లకు అవి తిన్నగా అవుతాయి. తనంతట తాను లేచి నిలబడే బిడ్డను కూర్చోబెట్టాల్సిన పనిలేదు. ఒక కాలే ఎక్కువ వంగి ఉన్నా, రెండేళ్ల తర్వాత కూడా వంపు పెరుగుతున్నా చూపించండి.

నడక నేర్చుకుంటూ రోజంతా పడుతూనే ఉంది. ఇది మామూలేనా?

మామూలే. 12 నుంచి 19 నెలల పిల్లలు ఆడుకునేటప్పుడు లెక్కపెట్టిన 2012 నాటి ఒక అధ్యయనం ప్రకారం వాళ్లు గంటకు సగటున 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. తప్పటడుగులంటే అలాగే ఉంటాయి. నేల దగ్గరగా, పిరుదుల మీద కూలబడే ఈ పడటాల వల్ల దెబ్బ తగలదు. పైగా ఎలా పడాలో నేర్చుకుంటారు.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. మంచం అంచు దగ్గర ఆగి, కాళ్లు ముందు పెట్టి దిగడం నేర్చుకున్న పాకే బిడ్డ, నడక మొదలెట్టిన కొత్తల్లో అదే అంచు మీద నుంచి నేరుగా అడుగు వేసేస్తుంది. పాకేటప్పుడు అబ్బిన జాగ్రత్త నడకలోకి వెంటనే రాదు, మళ్లీ నేర్చుకోవాలి. కాబట్టి తొలి అడుగులు పడ్డాక మెట్ల గేట్లు తీయకండి, ఇంకా గట్టిగా బిగించండి.

మూడడుగుల కంటే ఎత్తు నుంచి పడినా, పడ్డాక స్పృహ తప్పినా, మళ్లీ మళ్లీ వాంతి అయినా, మామూలుకు భిన్నంగా మగతగా ఉన్నా, తల మీద మెత్తటి వాపు వచ్చినా, ముక్కులోంచో చెవిలోంచో నీరులాంటిది కారినా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. "ఏమీ కాదులే, రేపు చూద్దాం" అనకండి.

మునివేళ్ల మీద నడుస్తోంది. వాకర్ వల్లేనా?

నడక కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మునివేళ్ల మీద నడుస్తారు, వాకర్ ఎక్కనివాళ్లు కూడా. వాకర్ వాడుతుంటే మొదట అది మానేయండి. మడమ నేలకు ఆనించి నిలబడగలుగుతోందా అని చూడండి. ఎప్పుడూ మునివేళ్ల మీదే ఉంటే, మడమను చేత్తో కిందికి నొక్కినా బిగుతుగా ఉంటే, లేదా రెండేళ్లు దాటినా పోకపోతే చూపించాలి.

ఎప్పుడు ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి?

నాలుగు నెలలు నిండినా తల నిలవకపోతే. తొమ్మిది నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోలేకపోతే. పద్దెనిమిది నెలలు నిండినా సొంతంగా నడవకపోతే. ఒళ్లు మరీ కర్రలా బిగుసుకున్నా, గుడ్డలా వేలాడినా. ఏడాది లోపే ఒక చేత్తోనే అన్నీ అందుకుంటూ రెండో చేయి పిడికిలి బిగించి ఉంచినా. డైపరు మార్చేటప్పుడు ఒక కాలు పక్కకు సరిగా విచ్చుకోకపోయినా, ఒక కాలు పొట్టిగా కనిపించినా అది తుంటి సమస్య కావచ్చు. పిరుదులు ముందుగా పుట్టిన పిల్లల్లో దీన్ని ఇంకా జాగ్రత్తగా చూస్తారు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది: వచ్చిన పని పోవడం. నిన్నటిదాకా కూర్చున్న బిడ్డ కూర్చోలేకపోతోందంటే, అందుకునే చేయి అందుకోవడం లేదంటే వయసుతో పని లేదు, ఆ వారంలోనే చూపించండి. అలాంటి బిడ్డకు ఎవరైనా వాకర్ తెచ్చిపెట్టమంటే అసలు వినకండి. కాళ్లు అటూ ఇటూ ఆడుతున్నాయని ఇంట్లోవాళ్లు ఊరటపడి, డాక్టరు దగ్గరికి వెళ్లడం నెలలు వాయిదా వేస్తారు.

వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి?

ఫోన్‌లో తీసిన చిన్న వీడియోలు రెండు మూడు. కొత్త గదిలో, కొత్త మనుషుల ముందు పిల్లలు అమ్మ ఒళ్లోంచి కదలరు. ఇంట్లో నేల మీద ఎలా దొర్లుతోంది, ఎలా లేస్తోంది, ఏ వైపు తిరుగుతోంది అన్నది నిమిషం వీడియోలో కనిపిస్తే మా పని సగం అయినట్టే. కాళ్లు కనపడేలా, పైజమా లేకుండా, నేల ఎత్తు నుంచి తీయండి. పుట్టినప్పటి ఆసుపత్రి కాగితాలు కూడా తెచ్చుకోండి.